ఆరుగురి నుంచి ఒక్కరి వరకు

ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయిని ఏ చదువులో చేర్పించాలి? ఇంటిల్లిపాదీ ఇషా నమాజు తర్వాత సంప్రదింపులకు కూర్చుంటాము. అబ్బా డిగ్రీ అంటారు, మామూ నర్సింగ్ అంటారు, నానీ నికాహ్ ప్రస్తావన తెస్తారు. రాత్రి గడిచేకొద్దీ అభిప్రాయాలు పెరుగుతాయే తప్ప తగ్గవు. చివరకు గొంతు పెద్దదైన వారి మాటే నెగ్గుతుంది. దానినే మనం 'మష్వరా' అంటున్నాము!

అభిప్రాయాలు సేకరించడం సంప్రదింపులో సగభాగమే. వాటిని వడపోసి ఒక్కదానికి చేర్చడం మిగతా సగం, కష్టతరమైన సగం. దివ్యఖుర్ఆన్‌లో 'అష్షూరా' పేరుతో ఒక సూరాయే ఉంది. ఆ షూరా ఆచరణలో ఎలా సాగిందో హిజ్రీ 23వ సంవత్సరం చివర మదీనాలో జరిగిన ఘటన చూపుతుంది.

కత్తిపోట్లకు గురై మరణశయ్యపై ఉన్న హజ్రత్ ఉమర్ (రజి) తదుపరి ఖలీఫా ఎంపికను ఆరుగురికి అప్పగించారు: హజ్రత్ ఉస్మాన్, అలీ, తల్హా, జుబైర్, సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి). దైవప్రవక్త (స) తుదిశ్వాస వరకు వీరిపట్ల సంతుష్టులై ఉండటమే ఆయన చూసిన అర్హత. తన కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) సమావేశంలో కూర్చోవచ్చునే గాని, పదవికి మాత్రం అర్హుడు కాడన్నారు. అంటే వడపోత మొదలుకాకముందే కొలమానమూ, హద్దూ రెండూ నిర్ణయమైపోయాయి.

ఆరుగురూ సమావేశమైనప్పుడు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ (రజి) ముందుగా ఎవరు యోగ్యులన్న చర్చ లేవనెత్తలేదు. ఈ వ్యవహారాన్ని మీలో ముగ్గురికి అప్పగించండి అన్నారు. సహీహ్ బుఖారీ ఉల్లేఖనం ప్రకారం జుబైర్ (రజి) తన హక్కును అలీ (రజి)కి, తల్హా (రజి) ఉస్మాన్ (రజి)కి, సఅద్ (రజి) అబ్దుర్రహ్మాన్ (రజి)కి అప్పగించారు. ఎవరినీ ఎవరూ తోసిపుచ్చలేదు. ఎవరికి వారే పక్కకు తప్పుకున్నారు. తర్వాత అబ్దుర్రహ్మాన్ (రజి) తానూ పోటీ నుంచి వైదొలగి, మిగిలిన ఇద్దరిలో ఒకరిని ఎంపికచేసే బాధ్యత స్వీకరించారు. వడపోసే చేతికి ఆ పదవిపై ఆశ ఉండకూడదు కదా. మన కమిటీలలో తరచూ లోపించేది ఇదే.

తుది నిర్ణయం తన చేతికి వచ్చినా ఆయన ఒంటరిగా తేల్చేయలేదు. రాత్రులు నిద్రమాని ప్రజలను కలిశారు. పరదాలోని స్త్రీలను, చదువుకుంటున్న బాలురను, మదీనాకు వచ్చిన బాటసారులను సైతం అడిగారని ఇబ్నె కసీర్ తమ చరిత్ర గ్రంథంలో రాశారు. మనమో, ఎవరి చదువు గురించి అర్ధరాత్రి దాకా వాదించుకున్నామో ఆ అమ్మాయినే పిలిచి అడగలేదు.

ఆ పిదప ఆయన ఇద్దరినీ విడివిడిగా కలిసి ప్రమాణం తీసుకున్నారు: తనను ఎన్నుకుంటే న్యాయంగా పాలించాలి, రెండవవారిని ఎన్నుకుంటే విని విధేయత చూపాలి. ఫలితం తెలియకముందే ఇద్దరూ దానికి కట్టుబడ్డారు. ఫజ్ర్ నమాజు తర్వాత మస్జిదులో హజ్రత్ ఉస్మాన్ (రజి) పేరు ప్రకటించి, ఆయన చేతిపై బైఅత్ చేశారు. హజ్రత్ అలీ (రజి) కూడా బైఅత్ చేశారు.