యుక్తి కుదిరితే చాలదు, పరీక్షకు నిలవాలి

ముదిరిన ప్రోస్టేట్ గ్రంథి కాన్సర్‌కు కీమోథెరపీతో పాటు రోగనిరోధక శక్తిని మేల్కొలిపే ఇమ్యునోథెరపీని కూడా జోడిస్తే రెట్టింపు గుణం కనిపించదా అని కొందరు నన్ను అడుగుతుంటారు. ఒకటి కణితిని కృశింపజేస్తుంది, మరొకటి దేహబలాన్ని కూడగడుతుంది. వ్యాధిహర చికిత్స, ఓజస్సును పెంచే రసాయన చికిత్స అనే రెండు మార్గాలను గురుకులంలో అభ్యసించిన నాకు ఈ ఆలోచన ఎంతో సబబుగా తోస్తుంది. అయితే సబబుగా తోచడం వేరు, రోగికి మేలు కలగడం వేరు.

హార్మోను చికిత్సకు లొంగని దశలో డోసిటాక్సెల్ అనే కీమో ఔషధం ఆయుష్షును కొన్ని నెలలు పొడిగిస్తుందని 2004లో రుజువైంది. దానికి ఇమ్యునోథెరపీని జోడించి విదేశాలలో పెద్ద పరీక్షలు జరిపారు. జీవాక్స్ అనే టీకాతో కలిపిన పరీక్షను 2008లో అర్ధాంతరంగా ఆపవలసి వచ్చింది. అప్పటికి టీకాతో కలిపి ఇచ్చిన వర్గంలో 67 మంది, టీకా లేని వర్గంలో 47 మంది మరణించారు. తరువాత పెంబ్రోలిజుమాబ్ అనే ఔషధాన్ని జోడించి 1,030 మందిపై పరీక్షించారు. జోడించిన వర్గంలో మధ్యస్థ జీవితకాలం 19.6 నెలలు, జోడించని వర్గంలో 19.0 నెలలు. ఈ స్వల్ప భేదం కాకతాళీయం కావచ్చు. దుష్ఫలితాలు మాత్రం జోడించిన వర్గంలోనే అధికం. ఈ కణితులలోకి రోగనిరోధక కణాలు సాధారణంగా స్వల్పంగానే ప్రవేశిస్తాయి. జన్యువులలో ప్రత్యేక లోపం ఉన్న కొద్దిమందికి మాత్రం ఇమ్యునోథెరపీ పనిచేస్తుంది. అందుకు కణితిని ముందుగా పరీక్షించవలసి ఉంటుంది.

ఆశించిన ఫలితం రాలేదని బహిరంగంగా ప్రకటించిన ఆ వైద్యుల నిజాయితీని నేను గౌరవిస్తాను. చరకాచార్యులు ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి అని పరీక్ష నాలుగు విధాలని చెప్పారు. వాటిలో యుక్తి ఒక్కటే చాలునని అనలేదు. కాన్సర్‌కు రోగనిరోధక శక్తిని పెంచే లేహ్యమని ప్రకటించే మన ఆయుర్వేద వైద్యులు, తమ ఔషధాన్ని ఇటువంటి పరీక్షకు నిలిపారా? నిలపకుండా విక్రయించడం శాస్త్రానికి సేవ కాదు.

మూలికలు కనుక హాని చేయవనే నమ్మకం కూడా తగదు. డోసిటాక్సెల్‌కు మూలద్రవ్యం యూరప్‌లో పెరిగే యూ వృక్షపు ఆకుల నుండే లభిస్తుంది. దాని తీవ్రత అందరికీ తెలిసినదే. ఆ ఔషధాన్ని కాలేయం మార్చి విసర్జింపజేస్తుంది. ఇతర ద్రవ్యాలు కొన్ని ఈ క్రియను మందగింపజేయవచ్చు, మరికొన్ని వేగిరపరచవచ్చు. అప్పుడు దేహంలో మందు మోతాదు మారిపోతుంది.

కనుక గృహస్థులకు నా మనవి. ఇంట్లో పెద్దవారికి ఈ చికిత్స జరుగుతుంటే లేహ్యం గాని, కషాయం గాని, చూర్ణం గాని రహస్యంగా ఇవ్వకండి. ఏమి వాడుతున్నారో కాగితంపై వ్రాసి కాన్సర్ వైద్యునికి చూపండి. ఆయన వద్దంటే మానండి. సుఖంగా జీర్ణమయ్యే ఆహారం, తగిన విశ్రాంతి, ఇంటివారి ఆదరణ సమకూర్చండి. అదే మీ చేతిలోని ఔషధం.