రాగితీగ మగవాళ్ళ సొత్తా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... ఏ ఊరి బజారులోనైనా నాలుగడుగులు వేస్తే ఓ మోటారు వైండింగ్ షాపు తగులుతుంది. ఎండాకాలం వచ్చిందంటే దాని ముందు ఖాళీ ఉండదు. కాలిపోయిన బోరు మోటార్లను రైతులు ఆటోల్లో వేసుకొస్తారు. మాడిన తీగ లాగేసి, కొత్త రాగితీగను లెక్కగా చుట్టి, వార్నిష్ పట్టించి ఇస్తారు. ఓపిక, లెక్క, వేళ్ళ నేర్పు. పెట్టుబడిలో సగం ఇవే! మరి ఆ షాపుల్లో ఆడమనిషి కూర్చుని తీగ చుట్టడం మీలో ఎంతమంది చూశారు?

చుట్టడం మనకు చేతకాని పనేం కాదు. జనగామ పక్కనే ఆలేరు ఉంది. అక్కడి చింతకింది మల్లేశం కథ మనకు తెలిసిందే. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే ఒక్క చీరకే చెయ్యి తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. రోజుకు రెండు చీరలంటే పద్దెనిమిది వేలసార్లు! తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఆయన ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. బాగుంది. కానీ యంత్రం లేని రోజుల్లో ఆ లెక్క తప్పకుండా దారం చుట్టిందెవరు? ఇంట్లో ఆడవాళ్ళే కదా! దారమైతే మన పని, అదే రాగితీగ అయ్యేసరికి మగవాళ్ళ పని ఎలా అయింది?

ఈ మాట ఇప్పుడెందుకంటే, మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఇంట్లోనే పిన్‌బాల్ ఆట తయారుచేస్తోంది. వాలుగా పెట్టిన బల్ల, దాని మీద దొర్లే ఉక్కు గోళీ, అది కిందికి జారిపోకుండా మీట నొక్కగానే ఎగిరి కొట్టే రెండు చిన్న తెడ్లు. షికాగోలో గాట్లీబ్ కంపెనీ 1947లో ఈ కరెంటు తెడ్లతో ఆట తెచ్చింది. (జూదమంటూ న్యూయార్కులో 1942 నుంచి 1976 దాకా పిన్‌బాల్‌ను నిషేధించారు కూడా!) తెడ్డును ఎగరగొట్టేది సోలినాయిడ్. మన పిల్లలు పదో తరగతిలో చదివే తీగచుట్టే అది. కరెంటు పారినంతసేపూ చుట్ట అయస్కాంతమై, నడుమనున్న ఇనుప కడ్డీని లోపలికి గుంజుకుంటుంది. ఆగగానే స్ప్రింగు కడ్డీని వెనక్కి తెస్తుంది. టింగ్ టాంగ్ మోగే డోర్‌బెల్లులోనూ, వాషింగ్ మెషీన్‌లోకి నీళ్ళు వదిలే చోటా ఉండేది ఇదే.

ఆ పిల్ల చుట్టిన తీరు చెబుతాను, మీ ఇంట్లో పనికొస్తుంది. పన్నెండు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం, రెండు చివర్లా అట్టబిళ్ళలు, వైండింగ్ షాపులో తూకానికి కొన్న ఎనామిల్ రాగితీగ. ఇరవై అయిదో గేజి తీగ అయిదు వందల చుట్లకు సుమారు 25 మీటర్లు పడుతుంది, బరువు చూస్తే యాభై గ్రాములు లేదు. చుట్టు పక్కన చుట్టు, జడ అల్లినంత ఒద్దికగా రావాలి. చివర్ల ఎనామిల్ గీకకపోతే కరెంటు పారదు. అరగంట తంటాలు పడ్డాకే చాలామందికి ఈ సంగతి తెలుస్తుంది!

పన్నెండు వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే ఆ చుట్ట అయిదారు ఆంపియర్లు లాగుతుంది. ఒక్క దెబ్బ కొట్టడానికి పరవాలేదు. మీట నొక్కి పట్టుకుంటే మాత్రం వేడెక్కి మాడిపోతుంది. ఈ పిల్ల మొదటి చుట్ట అలాగే పోయింది, ఇల్లంతా వాసన. అందుకే అసలు యంత్రాల్లో రెండు చుట్టలుంటాయి: కొట్టడానికి లావుతీగతో తక్కువ చుట్లు, పట్టి ఉంచడానికి సన్నతీగతో ఎక్కువ చుట్లు. తెడ్డు పైకి లేవగానే చిన్న స్విచ్చొకటి కరెంటును సన్నతీగ మీదికి మళ్ళిస్తుంది. ఇది తెలుసుకుని రెండోసారి చుట్టిందా అమ్మాయి.

వాసన రాగానే వాళ్ళ నానమ్మ, ‘‘ఆడపిల్లకు గీ కరెంటు పనులెందుకు బిడ్డా? షాకు కొడితే?’’ అంది. ఆమె భయం ఉత్తిది కాదు. గోడ ప్లగ్గులోని 230 వోల్టులు ప్రాణం తీస్తాయి, పిల్లల్ని దాని జోలికి పోనివ్వకూడదు. కానీ పన్నెండు వోల్టుల బ్యాటరీ, మధ్యలో ఒక ఫ్యూజు, పక్కన పెద్దవాళ్ళు... ఇంతవరకు అభ్యంతరం దేనికి? అదే పని తమ్ముడు చేస్తే ‘‘ఇంజనీరవుతాడు’’ అని మురిసిపోయేవాళ్ళం కాదూ?

ఈ తేడా ఆటతో ఆగితే నేనింత రాయను. పది పాసయ్యాక ఐటిఐ దరఖాస్తు నింపేటప్పుడు తేలుతుంది అసలు సంగతి. ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్ళు. బయటికొస్తే వైండింగ్ పనైనా, సొంత షాపైనా పెట్టుకోవచ్చు. కానీ అక్కడ మన ఇళ్ళలో చాలామంది కలం కుట్టుపని దగ్గరే ఆగుతుంది. కుట్టుపని తక్కువని కాదు. వీధికి నాలుగు కుట్టుమిషన్లున్న చోట అయిదో దానికి గిరాకీ ఏదీ? పొలాల్లో మోటార్లు మాత్రం ఏటా కాలుతూనే ఉన్నాయి. మన రాష్ట్రంలోనే సిద్దిపేట జిల్లా అమ్మాయి బబ్బూరి శిరీష, ఆడవాళ్ళు స్తంభమెక్కలేరన్న మాటను కోర్టుదాకా తీసుకెళ్ళి 2021లో తొలి లైన్‌ఉమన్ అయింది. చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో నౌకల కంప్యూటర్లకు అయస్కాంత వలయాల్లోంచి తీగలు దూర్చి అల్లింది రేథియాన్ ఫ్యాక్టరీలోని ఆడవాళ్ళే.

భూపాలపల్లి దగ్గర చెల్పూరు కరెంటు కేంద్రంలో మెగావాట్లు పుట్టేదీ రాగి చుట్టల్లోనే. రోజూ మన చేతికింద తిరిగే మిక్సీలో, గ్రైండర్లో, ఫ్యానులో ఉన్నవీ అవే. ఈసారి పాత మిక్సీ మోటారు కాలిపోతే పాతసామాను వాడికి వేసేముందు ప్లగ్గు పీకి, అమ్మాయికి ఇచ్చి విప్పమనండి. లోపల ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టమనండి. ఐటిఐ అడ్మిషన్ల ప్రకటన వచ్చినప్పుడు ట్రేడుల జాబితా మొత్తం చదివాకే కలం తియ్యమనండి.