నేర్చుకునేవాళ్లకి ఏదైనా చాలదు

“నేర్చుకునేవాడే కదా, ముందు ఏదో ఒక చౌక గిటార్ కొనివ్వండి. చెయ్యి కుదిరితే మంచిది తర్వాత చూసుకోవచ్చు.” మొదటి గిటార్ గురించి ఎవరిని అడిగినా వచ్చే జవాబు ఇదే. దుకాణదారు ఇదే చెబుతాడు, నాలుగు పాటలు వాయించడం వచ్చిన మేనమామ ఇదే చెబుతాడు, పాఠాలు చెప్పే మాస్టార్లలో చాలామంది కూడా ఇదే చెబుతారు. వినడానికి ముందుచూపున్న మాటలా ఉంటుంది, పేదింటి మీద దయ ఉన్నట్టూ ఉంటుంది. కానీ పిల్లల చేతుల్లోంచి గిటార్‌ని లాగేస్తున్నది ఈ సలహానే. మైదానంలో దీనివల్ల జరిగే నష్టం ఒక ఎత్తు. తూర్పు కనుమల్లోని అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట, ముంచింగిపుట్టు కొండల్లో జరిగే నష్టం ఇంకో ఎత్తు.

అసలు లెక్కే తలకిందులుగా ఉంది. చెయ్యి తిరిగినవాడికి పాడు గిటార్ ఇచ్చి చూడండి. ఏ తీగని ఎంత నొక్కాలో, ఏ మెట్టు (ఫ్రెట్) దగ్గర శ్రుతి తప్పుతుందో అతనికి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది, సర్దుకుని పాట నడిపించేస్తాడు. మొదటిరోజు గిటార్ పట్టుకున్న పిల్లకి ఆ తెలివిడి ఎక్కణ్ణుంచి వస్తుంది? తీగ మోగకపోతే తన వేలికి బలం లేదనుకుంటుంది. అపస్వరం వస్తే తన చెవికి సంగీతం లేదనుకుంటుంది. నెల తిరిగేసరికి “నాకు రాదులే” అని గోడకి తగిలిస్తుంది. లోపం వాద్యానిది, శిక్ష పిల్లకి. మంచి గిటార్ అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నది నేర్చుకునేవాళ్లకే.

ఉక్కు తీగల గిటార్‌కి మామూలుగా వేసే ‘లైట్’ సెట్‌లో సన్న తీగ 0.012 అంగుళాలు, లావు తీగ 0.053 అంగుళాలు ఉంటాయి. వాటిని శ్రుతికి బిగిస్తే ఆరూ కలిసి 70 కిలోలకి పైగా బలంతో మెడని ముందుకి లాగుతుంటాయి, పగలూ రాత్రీ. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌లో ఆ లాగుడు 40 కిలోల చుట్టుపక్కలే. ఈ లాగుడుకి మెడ వంగుతుంది, తీగలు కట్టే బ్రిడ్జి కింద పొట్ట ఉబ్బుతుంది, తీగలు మెట్లకి దూరమవుతాయి. దీన్ని సరిచెయ్యడానికే మెడలో ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది, దాన్ని తాళం లాంటి పనిముట్టుతో తిప్పి మెడని దారికి తెస్తారు. బాగా చౌక గిటార్లు కొన్నింట్లో ఈ కడ్డీ ఉండదు. మెడ ఒకసారి వంగితే అంతే.

పన్నెండో మెట్టు దగ్గర లావు తీగకీ మెట్టుకీ మధ్య రెండున్నర మిల్లీమీటర్ల సందు ఉంటే చేతికి హాయి. నాలుగైదు మిల్లీమీటర్ల సందుతో కొత్త గిటార్లే పెట్టెల్లోంచి బయటికొస్తున్నాయి. ఇంకో ముల్లు నట్ దగ్గర ఉంది. తల దగ్గర తీగలు కూర్చునే ఆ చిన్న పట్టీలో గాడులు లోతుగా కొయ్యకుండా వదిలేస్తే మొదటి రెండు మెట్ల మీద తీగ మరీ మొండికేస్తుంది. పిల్లలు మొదట నేర్చుకునే కార్డ్‌లన్నీ ఉండేది ఆ రెండు మూడు మెట్ల మీదే.

ఇక్కడే ఇంకో పెద్దమనిషి లేస్తాడు. “వేళ్లు కాయలు కాస్తేనే విద్య వస్తుంది, ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు” అంటాడు. వేలి కొసన చర్మం గట్టిపడటం నిజమే, రోజూ వాయిస్తే కొన్ని వారాల్లో ఆ మంట పోతుంది. మణికట్టు లాగేయడం, బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టడం అలాంటివి కావు. అవి ఎత్తయిన తీగల్ని బలవంతంగా అణచడం వల్ల వచ్చే బాధలు. వాటిని భరించడం సాధన కాదు. అవి వేళ్లకి తప్పు అలవాట్లు నేర్పిస్తాయి, ఆ అలవాట్లని తర్వాత మాన్పించడానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు కొండల సంగతి. ఈ ఊళ్లలో చాలా ఇళ్లకి చేతిలో డబ్బు ఆడేది కాఫీ పళ్లు కోసి అమ్మాక, మిరియాలు అమ్మాక. అంటే చలికాలంలో. అప్పుడు మూడు వేలు పెట్టి కొన్న గిటార్ ఆ ఇంటికి చిన్న వస్తువు కాదు. చలికాలపు పొడిగాలిలో అది కొంచెం బాగానే పలుకుతుంది. జూన్‌లో వాన మొదలైతే నెలల తరబడి మంచు, ముసురు, గోడల నిండా చెమ్మ. చెక్క ఆ చెమ్మని పీల్చుకుని ఉబ్బుతుంది, తీగలు ఇంకా పైకి లేస్తాయి. సంక్రాంతికి పలికిన కార్డ్ శ్రావణానికి పలకదు. పిల్లవాడు తను వెనకబడిపోయానని అనుకుంటాడు. బాగుచేయిద్దామంటే పనితెలిసిన చేతులు విశాఖలో ఉన్నాయి. అరకు నుంచి ఘాట్ రోడ్డు మీద నూటపదిహేను కిలోమీటర్లు, లేదా కిరండూల్ రైలు. ముంచింగిపుట్టు లోపలి పల్లెవాళ్లకి ముందు అరకు చేరడమే ఒక ప్రయాణం. “తర్వాత మంచిది చూసుకోవచ్చు” అనే ఆ ‘తర్వాత’ చాలా ఇళ్లలో రానే రాదు. మొదటి గిటారే చివరి గిటార్.

గాలిని బట్టి వాద్యం మారుతుందని ఈ కొండలకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. థింసా నాట్యానికి డప్పు కొట్టేవాళ్లు ముందు మంట దగ్గర తోలు కాచుకుంటారు. చెమ్మకి సాగిన తోలు పలకదని వాళ్లకి చిన్నప్పటి నుంచీ తెలుసు. మోరీ ఊదేవాళ్లకీ తమ వాద్యం మర్యాద తెలుసు. ఆ జ్ఞానం ఉన్న ఇంట్లోకి అట్టపెట్టెలో వచ్చిన గిటార్‌కి మాత్రం ఏ మర్యాదా అక్కర్లేదని నమ్మించింది అమ్మకందారులే.

మన సంగీతంలో ఈ నిర్లక్ష్యం ఎప్పుడూ లేదు. తూర్పు కనుమల పాదాల దగ్గరే బొబ్బిలి ఉంది. అక్కడి గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేస్తారు. దండి మీద మైనం పోసి, అందులో 24 మెట్లు ఒక్కొక్కటే చెవితో విని కూర్చోబెట్టడాన్ని మేళం కట్టడం అంటారు. మేళం సడలితే మళ్లీ కట్టిస్తారు. కొత్తగా నేర్చుకునే పిల్ల కదా, మేళం కట్టని వీణ ఇద్దాం అనే గురువు ఎవరైనా ఉన్నారా? మేళం తప్పిన వీణ మీద సరళీ వరసలు సాధన చేయిస్తే చెవి చెడిపోతుందని ప్రతి వీణ మాస్టారికీ తెలుసు. గిటార్ విషయానికి వచ్చేసరికి అదే మన సమాజం ఆ బుద్ధిని పక్కన పెట్టేసింది.

పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారినీ తలుచుకోవాలి. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలు. గమకాలు పలకడానికి ఆ జతలు అడ్డమని ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. అంతటి ప్రతిభ ఉన్నవాడే వాద్యాన్ని తన సంగీతానికి తగ్గట్టు మార్చుకున్నాడు. పదేళ్ల పిల్లని మాత్రం ఎలాంటి వాద్యానికైనా తగ్గట్టు మారమంటున్నాం.

“అయితే పేదవాళ్లు ఖరీదైన గిటార్ కొనాలంటారా?” అని అడుగుతారు. లేదు. ఖరీదు చుట్టూ తిరిగే సలహాలు కూడా నాకు పట్టవు. పైచెక్క ఒకే పలకగా ఉన్న సాలిడ్ టాప్ గిటారే కొనాలని డబ్బున్నవాళ్లకి నూరిపోస్తుంటారు. దాని నాదం గొప్పదే. కానీ పొడికీ తడికీ ఎక్కువగా చలించేదీ, పగిలేదీ అదే. గట్టి పెట్టె, తేమ చూసుకునే ఓపిక లేని ఇంట్లో పొరలు అతికించిన ప్లైవుడ్ పైచెక్కే నయం. యమహా ఎఫ్310 లాంటి పేరున్న మొదటి గిటార్ పైచెక్క కూడా పొరలదే. దానికేమీ చిన్నతనం లేదు. ఆదివారం చర్చిలో వాయించాలి కాబట్టి స్పీకర్‌కి కలపడానికి లోపల పికప్ ఉన్నదే కావాలని కొందరు పట్టుబడతారు. చౌక గిటార్‌లో పికప్ పెడితే ఆ డబ్బు చెక్కలోంచీ మెడలోంచీ కోసినదే. గిటార్ ముందు ఒక మైకు పెడితే సరిపోతుంది. సంచి, కాపో, పిక్‌లు ఉచితమంటూ రంగులేసిన 38 అంగుళాల గిటార్ అంటగట్టే కాంబో బేరాల దగ్గరికి అసలు వెళ్లకండి.

డబ్బు వెళ్లాల్సింది సెటప్‌కి. నట్ గాడులు దించడం, బ్రిడ్జి మీది శాడిల్ అరగదీయడం, మెడ సరిచేయడం: ఇదంతా కొన్ని వందల రూపాయల పని. సర్దించిన నాలుగు వేల గిటార్, సర్దించని తొమ్మిది వేల గిటార్ కంటే మొదటి ఏడాది ఎక్కువ సంగీతం ఇస్తుంది. మామూలు సెట్ తీసేసి 0.010తో మొదలయ్యే సన్న తీగలు వేయిస్తే లాగుడు ఇంకా తగ్గుతుంది. పదేళ్లలోపు పిల్లలకి ముప్పాతిక సైజు నైలాన్ గిటార్ ఇవ్వండి, మీటే తీగ పొడవు 65 సెంటీమీటర్ల నుంచి 58కి దిగుతుంది, మెట్ల మధ్య దూరం చిన్న చేతికి అందుతుంది. ఒక్క హెచ్చరిక: నైలాన్ గిటార్‌కి ఎన్నడూ ఉక్కు తీగలు కట్టొద్దు. బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది.

ఇంకో వాదం ఉంది, అది నాకు కోపం తెప్పిస్తుంది. “గిరిజన పిల్లలకి గిటార్ ఎందుకు, వాళ్లకి థింసా ఉందిగా” అనేది. విశాఖ పిల్లలకి కూచిపూడి ఉందని గిటార్ వద్దంటున్నామా? డప్పు కొట్టే చెయ్యే గిటార్ కూడా వాయిస్తుంది, వాయించాలి. ఈ చూపు నుంచే దానాల్లోని చులకన కూడా పుడుతుంది. తాము వాడి పారేసిన, మెడ వంగిన గిటార్లని ఆశ్రమ పాఠశాలకి ఇచ్చి ఫొటో దిగుతారు. పది విరిగిన గిటార్ల కంటే సర్దించిన ఒక్కటి మేలు. దానితోపాటు రెండు సెట్ల తీగలు కూడా ఇవ్వాలి, తీగ తెగిన రోజున పాఠం ఆగిపోకూడదు.

కొనేవాళ్లకి నా మాట ఇది. దుకాణంలో పన్నెండో మెట్టు దగ్గర లావు తీగ కింద రూపాయి బిళ్లలు రెండు ఒకదానిమీదొకటి పెట్టి దూర్చండి. ఇంకా ఖాళీ మిగిలిందంటే ఆ గిటార్‌ని సర్దించకుండా తీసుకోవద్దు. మూడో మెట్టు దగ్గర తీగని నొక్కి, మొదటి మెట్టు మీద చూడండి, పల్చటి కాగితం పట్టేంత సందు చాలు. పన్నెండో మెట్టు మీద తీగని తాకీ తాకనట్టు మీటండి, తర్వాత నొక్కి మీటండి. ఫోన్‌లోని ట్యూనర్ రెంటికీ ఒకే స్వరం చూపించాలి. చూపించకపోతే ఆ గిటార్ శ్రుతి కుదరనట్టే, తిరిగి ఇచ్చేయండి. ఆన్‌లైన్‌లో ఈ పరీక్షలేవీ కుదరవు కాబట్టి, ఏదో ఒక పనిమీద విశాఖ వెళ్లినరోజునే, పిల్లని వెంటబెట్టుకుని, ఆమె చేతికే ఇచ్చి చూసి కొనండి.