దండగ చదువు కాదది

సంపాదకులకు,

ఆసుపత్రి నడపడానికి డాక్టరుంటే చాలు, ఆరోగ్య వ్యవస్థల నిర్వహణలో పీజీ దండగన్న మీ వ్యాసకర్తతో ఏకీభవించలేను. వార్డులో మందు నిండుకుంటే ఎంత గొప్ప వైద్యుడైనా చీటీ రాసి బయట కొనుక్కోమనాల్సిందే. తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకు ప్రత్యేక కార్పొరేషన్ పెట్టింది. ఆసుపత్రులకు పాస్‌బుక్కులిచ్చింది, కేటాయింపెంత, వాడిందెంత అన్నది అందులోనే తేలిపోతుంది. ఇండెంట్లు, టెండర్లు, నిల్వల లెక్క ఎంబీబీఎస్‌తో అబ్బే విద్యలు కావు.

రోగి నాడి పట్టనివాళ్లకు పెత్తనమా అంటారు. ఈ చదువు డాక్టర్లూ చదవొచ్చు, ఎవరొద్దన్నారు? ఆపరేషన్లలో చేయి తిరిగిన ప్రొఫెసర్‌ను సీనియారిటీ పేరిట సూపరింటెండెంట్ కుర్చీలో కూర్చోబెట్టి, పారిశుద్ధ్య కాంట్రాక్టు బిల్లులు చూడమనడమే అసలు దండగ. చదివినా ఉద్యోగాల్లేవన్నది మాత్రం కాదనలేని మాట. ప్రజారోగ్య నిర్వహణకు రాష్ట్రాల్లో ప్రత్యేక కేడర్ ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానమే చెప్పింది. ముందు ఆ పోస్టులు మంజూరు చేయమని మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ మీ పత్రిక నిలదీయాలి.

— ఒక పాఠకుడు