చిన్న తరగతుల యూనిఫాం గురించి జిల్లా విద్యాశాఖాధికారికి

అయ్యా,

సర్కారు బడుల పిల్లలకు వచ్చే యేటి యూనిఫాం కుట్టించే ముందు, ఒకటి నుంచి మూడో తరగతి దాకా చదివే చిన్నవాళ్ల సంగతి విడిగా చూడమని అడుగుతున్నాను.

మూత్రానికి వెళ్లినప్పుడు ఆరేళ్ల పిల్లాడికి నిక్కరు హుక్కు విప్పుకోవడం చేతకాదు. టీచరమ్మను అడగడానికి సిగ్గు. తడిసిన బట్టతో సాయంత్రం దాకా కూర్చుని, మర్నాడు బడికి పోనని మొండికేస్తాడు. హుక్కు తీసేసి నడుముకు ఎలాస్టిక్ వేస్తే ఈ బాధే ఉండదు. ఆడపిల్లల గౌన్లకు వీపు మీది గుండీలు ముందుకు రావాలి, ఒక జేబూ ఉండాలి.

ఈ వయసులో పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు ఎదుగుతారు. అలాగని రెండు సైజులు పెద్దవి ఇవ్వడం సరికాదు. జారే నిక్కరును ఒక చేత్తో పట్టుకుని ఎవరూ ఆడుకోలేరు. నడుము సరిగ్గా కుట్టి, అంచుల్లో రెండంగుళాల మడత వదిలితే, పొట్టిదైనప్పుడు తల్లే ఇంట్లో విప్పి దించుకుంటుంది. కాళ్ల మధ్య, చంకల దగ్గర రెండు వరసల కుట్టు తప్పనిసరి. ముందు చిరిగేది అక్కడే.

తెలంగాణలో ఈ బట్టలు కుట్టేది మహిళా సంఘాల అక్కచెల్లెళ్లు. 2024లో జతకు కూలి 50 నుంచి 75 రూపాయలైంది. అదనపు కుట్టుకు అదనపు కూలి ఇప్పించండి.

తరగతికో సైజు లెక్కన కాకుండా, ప్రతి బిడ్డకూ టేపుతో కొలత తీయించి, ఈ వివరాలన్నీ కుట్టు ఉత్తర్వులోనే రాయించండి.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల విద్యార్థి తల్లి