గొంతు పెంచని కథానాయకుడు

హిందీ వెండితెర మీద పిడికిలి బిగించిన వీరులు రాజ్యమేలుతున్న కాలమది. శత్రువులను ఒంటిచేత్తో మట్టి కరిపించేవాడే నాయకుడని ప్రేక్షకులు నమ్మిన ఆ రోజులలో, 1981లో, సాయి పరాంజపే దర్శకత్వంలో ‘చష్మే బద్దూర్’ విడుదలయింది. అందులోని నాయకుడు ఢిల్లీలో ఇద్దరు మిత్రులతో ఒకే గదిలో కాపురముంటూ అర్థశాస్త్రం చదువుకొనే యువకుడు. సబ్బు పొడి అమ్మడానికి వచ్చిన అమ్మాయి ఎదుట మాట పెగలక తడబడతాడు. ఆ పాత్రధారి ఫారూఖ్ షేక్. ఆ అమ్మాయి దీప్తి నావల్. మన వీధిలోనే జరిగినంత సహజంగా ఉన్న వారి ప్రేమకథ దేశమంతటా అభిమానులను సంపాదించుకొన్నది.

1948లో గుజరాత్‌లో జన్మించిన ఫారూఖ్ షేక్ బొంబాయిలో న్యాయశాస్త్రం చదివాడు. నాటకరంగం ఆయనను సినిమాల వైపు మళ్ళించింది. దేశవిభజన గాయాన్ని చిత్రించిన ఎం.ఎస్. సత్యు ‘గరమ్ హవా’ (1973)లో బల్రాజ్ సాహనీ చిన్న కుమారుడుగా ఆయన తెరకు పరిచయమయ్యాడు. ‘గమన్’ (1978)లో ఉత్తరప్రదేశ్ పల్లెలో తల్లిని, భార్యను విడిచి బొంబాయి చేరి టాక్సీ నడుపుకొనే వలసజీవి ఆయనే. 1982లో వచ్చిన సాగర్ సర్హదీ ‘బజార్’ కథ హైదరాబాదులో జరుగుతుంది. గల్ఫ్ నుంచి వచ్చే ధనికులకు పేదింటి ఆడపిల్లలను కట్టబెట్టే దురాచారం ఆ చిత్రానికి ఇతివృత్తం. ప్రేమించిన పిల్లను ఆ బేరం నుంచి కాపాడుకోలేని నిరుపేద యువకుడుగా ఫారూఖ్ షేక్, ఆమెగా సుప్రియా పాఠక్ నటించారు.

ప్రేమకథలలో ఆయన బలం వినడంలో ఉన్నది. ఎదుటివారు మాట్లాడుతున్నంతసేపు ఆ ముఖంలో శ్రద్ధ, బెరుకు, చిరునవ్వు ఒకదాని వెంట ఒకటి కదులుతాయి. ఆ చిరునవ్వును ఎంతవరకు నమ్మవచ్చునని ‘కథా’ (1983) ప్రశ్నించింది. అందులో ఆయన బొంబాయి చాల్‌లో అందరినీ తీపిమాటలతో బుట్టలో వేసుకొని, నమ్మిన అమ్మాయిని మోసగించి పారిపోయే మాయగాడు. అమాయకుడైన మిత్రుడు నసీరుద్దీన్ షా. అంతవరకు ప్రేక్షకులు మెచ్చుకొన్న మృదుత్వమే ఇక్కడ వంచకుని ఆయుధమయింది. తనకున్న మంచి పేరును పణంగా పెట్టగలవాడే ఇటువంటి పాత్రకు ఒప్పుకొంటాడు.

ప్రణయనాయకులకు వయస్సు పెద్ద శత్రువు. జుట్టు నెరిసినా పాత వేషాలను వదలలేక నవ్వులపాలయిన తారలు తక్కువేమీ కాదు. ఫారూఖ్ షేక్‌కు ఆ చిక్కు రాలేదు. 1992లో షబానా ఆజ్మీతో కలిసి ‘తుమ్హారీ అమృతా’ నాటకం ప్రారంభించాడు. ఇద్దరు వ్యక్తులు కూర్చుని జీవితకాలపు ప్రేమలేఖలు చదవడమే ఆ నాటకం. కదలికలు లేని ఆ ప్రదర్శనను కంఠస్వరమే నడపాలి. ఇరవై ఏళ్ళకు పైగా అది ప్రేక్షకులను రప్పించింది. బ్రిటిష్ హాస్య ధారావాహిక ఆధారంగా తయారయిన ‘జీ మంత్రీజీ’లో అధికారుల చేతిలో కీలుబొమ్మయ్యే మంత్రిగా బుల్లితెర మీద నవ్వులు పూయించాడు.

తరువాత సినిమా ఆయనను తండ్రిగా, గురువుగా, పెద్దమనిషిగా మళ్ళీ పిలిచింది. ‘లాహోర్’లో శిక్షకుని పాత్రకు 2009వ సంవత్సరపు జాతీయ ఉత్తమ సహాయనటుడి బహుమతి లభించింది. 2013లో ‘లిజన్... అమాయా’లో దీప్తి నావల్‌తో ఆయన తిరిగి కనిపించాడు. ఈసారి అది జీవితపు మలిసంధ్యలో తోడు వెతుక్కొనే ఇద్దరి కథ. ముప్ఫయి రెండేళ్ళ క్రితపు బెరుకు, మర్యాద ఆ ముఖంలో చెక్కుచెదరలేదు.

అదే సంవత్సరం డిసెంబరులో, కొడుకును పోగొట్టుకొని బ్రతుకు మీద ఆశ వదులుకొన్న వైద్యుడు తిరిగి మనుషులలో కలిసే కథతో ‘క్లబ్ 60’ విడుదలయింది. ఆ నెలలోనే ఆగ్రాలో, తాజ్‌మహల్ నేపథ్యంగా, ‘తుమ్హారీ అమృతా’ ప్రదర్శన జరిగింది. కొద్ది రోజులకే దుబాయిలో గుండెపోటుతో ఫారూఖ్ షేక్ కన్నుమూశాడు. అరవై అయిదేళ్ళ వయస్సులో ఆయన వెళ్ళిపోయేనాటికి, కొత్త చిత్రం ఇంకా కొత్తగానే ఉన్నది. యౌవనంలో నటించిన ప్రేమకథలూ పాతబడలేదు.