అమ్మ బయట, వైద్యం లోపల

హ్యూస్టన్‌లో మా పక్కింటి మెక్సికన్ ఆవిడ పోయిన వారం మా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఇరవై నాలుగేళ్ళ కూతురు. రాత్రి అందరూ పడుకున్నాక లేచి దొంగచాటుగా తింటుంది, ఆపుకోలేదు. తెల్లారాక సిగ్గుతో ఎవరి ముందూ ముద్ద ముట్టదు. బింజ్ ఈటింగ్ డిజార్డర్ అన్నారు. కౌన్సెలింగుకి తీసుకెళ్తే, "మీ అమ్మాయి మేజర్, మీరు బయట కూర్చోండి" అన్నారట.

"ఎనిమిది వారాలు కూర్చున్నా. ఇంట్లో నేనేం చెయ్యాలో ఒక్కరూ చెప్పలేదు" అంది.

నాకు ఒళ్ళు మండింది. వారానికి ఒక గంట కౌన్సెలరు. మిగతా రోజులన్నీ ఆ పిల్లకి వండేదెవరు, పక్కన కూర్చుని తినేదెవరు? లాటినో ఇళ్ళల్లో ఫమిలీస్మో అంటారు, ఇంటివాళ్ళు ముందు, నేను తర్వాత అని. అలా పెరిగిన పిల్లని ఒంటరిగా బాగుపడమంటే ఎలా?

కుటుంబమే కదా జబ్బుకి కారణం అంటారు కొందరు. కొంత నిజమే, కాదనను. ఆదివారం అందరూ చేరితే మేనత్తలు ముద్దుగా "గోర్దీతా" అంటారట, అంటే బొద్దు పిల్లా అని. ఆ నోటితోనే ఇంకో తమాలే తినమంటారు. వద్దంటే అలక! ("ఏంటే ఇలా లావైపోయావ్" అంటూనే పులిహోర వడ్డించే మన పిన్నులు గుర్తొచ్చారా? నాకూ వచ్చారు.) కానీ ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో ఆ అత్తకి ఎవరు చెప్పాలి? గుమ్మం దాటనివ్వకుండా ఎలా నేర్చుకుంటుంది?

టీనేజి పిల్లల విషయంలో లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రి వాళ్ళు 1980ల్లోనే తల్లిదండ్రుల్ని వైద్యంలో కలుపుకున్నారు. పద్దెనిమిది నిండగానే అమ్మ పరాయిదైపోతుందా? నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో మే లిన్ రేయెస్-రోడ్రిగెస్ అనే సైకాలజిస్టు, లాటినా మహిళల కౌన్సెలింగులో ఇంటివాళ్ళకీ సెషన్లు పెట్టి చూశారు. అంటే కుదిరే పనే.

కూతురు వద్దంటే సరే, ఆ మాటే చెల్లాలి. ఇంట్లో కొట్టేవాళ్ళుంటే అసలే పిలవకూడదు. కానీ ఈ అమ్మాయిని, "అమ్మని పిలవమంటావా?" అని ఒక్కసారైనా అడగలేదే!

నిన్న నేనే అడిగాను. తలూపింది. ఈ గురువారం తల్లిని లోపలికి తీసుకెళ్తానంది. ఆవిడ స్పానిష్‌లో రాసుకున్న ప్రశ్నల్ని కూతురే ఇంగ్లిషులోకి మార్చింది. మొదటిది ఇదీ: "రాత్రి వంటింట్లో లైటు వెలిగితే, నేను లేచి వెళ్ళాలా, వద్దా?"